ఒప్పుకునే ముందు ఒక పట్టిక: సెమిస్టరు ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

నాటక బృందం, డిబేట్ జట్టు, రోబోటిక్స్ క్లబ్బు, వారాంతంలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే స్వచ్ఛంద బృందం. నాలుగింటిలోనూ నా పేరుంది, నాలుగూ ఇష్టమే. వీటిలో దేన్ని మానేయాలో తేల్చుకోవడానికి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టలేదు. ఎవరైనా వచ్చి “ఇది చేస్తావా?” అని అడిగితే, జవాబు చెప్పేలోపు చూసుకోవడానికి ఒక పట్టిక కావాలి. అది ఒక్క ప్రశ్నకు జవాబిస్తే చాలు: ఈ పని ఒప్పుకుంటే సెమిస్టరులో నా అతి రద్దీ వారం ఎలా ఉంటుంది?

టైంటేబుల్ ఆ పని చేయదు. ఒప్పుకున్న పనులను ఎక్కడ పెట్టాలో చెబుతుందే తప్ప, ఒప్పుకోవాలా వద్దా అన్న దగ్గర నోరు విప్పదు. పైగా ప్రతి టైంటేబులూ ‘మామూలు వారం’ కోసం గీసిందే. ఇబ్బంది పెట్టేవి మామూలు వారాలు కావు.

పరికరాలు మూడే: స్ప్రెడ్‌షీటు, జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్ను. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా అరగంట చొప్పున 48 వరుసలు, మొత్తం 336 గడులు.

అన్నిటికన్నా ముందు నిద్ర నింపాను. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8–10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫార్సు చేసింది. పెద్దవాళ్లకైతే కనీసం ఏడు. పడుకోగానే నిద్ర పట్టేయదు కాబట్టి రోజుకు ఎనిమిది గంటలు రాసుకున్నాను. అంటే వారానికి 56 గంటలు, 112 గడులు. మిగతావన్నీ పెన్సిల్ రంగులో ఉంటాయి, ఈ గడులు మాత్రం ముదురు రంగులో, తాళం వేసి. స్ప్రెడ్‌షీటులో గడులకు తాళం వేసే సదుపాయం ఉందని చాలామంది పట్టించుకోరు. నిద్రను కాపాడటానికి అంతకన్నా మంచి సాధనం నాకు దొరకలేదు.

తరువాత చదువు. ఇక్కడ ఒక కొలమానం కావాల్సి వచ్చింది. ఐరోపా దేశాల క్రెడిట్ పద్ధతిలో పూర్తికాల విద్యార్థికి ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25–30 గంటల శ్రమ, అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. ఇందులో తరగతులే కాదు, సొంతంగా చదివే సమయం, పరీక్షలు కూడా కలిసే ఉంటాయి. ఏడాదిలో 40 వారాలు చదువు సాగుతుందనుకుంటే వారానికి 38 నుంచి 45 గంటలు. పూర్తికాల చదువు పూర్తికాల ఉద్యోగంతో సమానమన్నమాట. నా తరగతులు, ప్రయోగశాల కలిసి 26 గంటలు. సొంత చదువుకు 16 పెట్టి 42 అనుకున్నాను.

భోజనం, స్నానం, బట్టలు, నడక, ఊరికే కూర్చోవడం, వీటికి రోజుకు నాలుగు గంటలు. లెక్క తేలింది: 168లో 56, 42, 28 పోగా మిగిలినవి 42 గంటలు.

రెండో వారం

ఆ 42 గంటలు నమ్మదగినవి కావు. గడులను చూస్తే కారణం తెలుస్తుంది. తరగతికీ తరగతికీ మధ్య అరగంట, భోజనం తరువాత అరగంట, సాయంత్రం ప్రయోగశాలకు ముందు మరో గంట. కలిపితే పెద్ద సంఖ్యే, విడిగా చూస్తే జేబులో గలగలలాడే చిల్లర. దానితో రిహార్సల్ చేయలేం, సర్క్యూటు విప్పి మళ్లీ బిగించలేం.

అందుకే ఖాళీని రెండు రకాలుగా విడదీశాను. వరుసగా 90 నిమిషాలు, అంతకన్నా ఎక్కువ దొరికేది కుదురు సమయం. మిగతాది చిల్లర సమయం. వరుస గడులను లెక్కించడానికి స్ప్రెడ్‌షీటులో సిద్ధంగా ఉన్న సూత్రమేదీ కుదరలేదు గానీ, ఒక చిన్న ఉపాయం పనిచేసింది. ప్రతి రోజు పక్కనా ఒక సహాయక నిలువు వరుస పెట్టి, గడి ఖాళీగా ఉంటే పై సంఖ్యకు ఒకటి కలపమని, నిండి ఉంటే సున్నాకు రమ్మని రాశాను. ఆ వరుసలో 3 గానీ అంతకన్నా పెద్ద సంఖ్య గానీ కనిపిస్తే అక్కడ కుదురు సమయం ఉన్నట్టే.

ఇలా జల్లించాక 42 కాస్తా 24 అయింది. క్లబ్బులకు ఇవ్వగలిగిన అసలు గంటలు ఇవే.

ఈ వారమే నమోదు కూడా మొదలైంది. యాప్‌లు వద్దనుకున్నాను, ఫోను తీస్తే నమోదు కన్నా ముందు వేరేవి పలకరిస్తాయి. ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు నోటుపుస్తకంలో సమయం, ఒక అక్షరం రాస్తే చాలు: నాటకానికి నా, డిబేట్‌కు డి, రోబోటిక్స్‌కు రో, పిల్లల పాఠాలకు పా. రాత్రి వాటిని షీటులోకి ఎక్కిస్తాను.

వెంటనే బయటపడిన విషయం: ఏ క్లబ్బూ తాను చెప్పినంత సమయమే తీసుకోదు. రెండు గంటల రిహార్సల్ అంటే లైట్లు పెట్టడం, తీగలు చుట్టడం, గది సర్దడం, చివర్లో తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం అన్నీ కలిసి దాదాపు మూడు గంటలు. ఆ కబుర్లను వృథా అనను. నాటక బృందంలో ఉండటానికి సగం కారణం అవే. కానీ లెక్కలోకి రావాలి కదా. అందుకే ప్రతి పనికీ ‘ముందు’, ‘వెనుక’ అని రెండు గళ్లు చేర్చాను.

గ్రూపు సందేశాలు మాత్రం ఏ గడిలోనూ ఇమడలేదు. రెండేసి నిమిషాలుగా రోజంతా చెదిరి ఉంటాయి. ఫోనులోని వాడకం లెక్క చూసి, రోజుకు ఒక గడి సందేశాలకే కేటాయించి వదిలేశాను. దీని మీద ఎక్కువ ఆలోచించడం దండగ.

మూడో వారం

రిహార్సల్ అయిపోయిన వెంటనే చదవడానికి కూర్చుంటే మొదటి అరగంట ఎందుకు గల్లంతవుతుందో చూడాలనిపించింది. సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. ముగించని పనిని వదిలి మరో పనికి మారితే దృష్టిలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని నాణ్యత తగ్గుతుంది. దీనికి ఒక విరుగుడు 2011లో మసికాంపో, బౌమైస్టర్ చేసిన ప్రయోగాల్లో ఉంది. పూర్తికాని లక్ష్యాలు మనసులోకి చొరబడుతూనే ఉంటాయి. ఎప్పుడు, ఎలా పూర్తిచేస్తామో స్పష్టంగా రాసుకుంటే ఆ చొరబాటు తగ్గుతుంది. పని పూర్తి కానక్కరలేదు, పథకం ఉంటే చాలు.

పట్టికలో రెండు మార్పులు చేశాను. ప్రతి క్లబ్బు పని తరువాత ఒక గడి ఖాళీ. ఆ పని వదిలేటప్పుడు నోటుపుస్తకంలో ఒక్క వాక్యం: తిరిగి వచ్చాక మొదట చేయాల్సింది ఏమిటి. “రెండో అంకంలో నీలం లైటు కోణం మార్చాలి, గురువారం” అని రాస్తే ఆ లైటు ఇక రాత్రి భౌతికశాస్త్రంలోకి రాదు.

ఇదే వారం అంచనాల గడి కూడా చేర్చాను. ఒక్కో పనికి ముందు ఎంత పడుతుందనుకున్నాను, చివరికి ఎంత పట్టింది, రెంటి నిష్పత్తి ఎంత. ఈ విషయంలో అందరికీ తెలియాల్సిన ప్రయోగం ఒకటుంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆనర్స్ థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటు జవాబు 33.9 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందని అడిగితే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అడ్డం తిరిగితే అన్న అంచనా కూడా చాలలేదు! ఈ ధోరణికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టింది కానెమన్, ట్వెర్‌స్కీ, 1979లోనే. వాళ్లు సూచించిన మందు కూడా సులువైనదే. ఈ పనిని లోపలి నుంచి ఊహించకుండా, ఇలాంటి పాత పనులకు ఎంత పట్టిందో చూడాలి.

నా నిష్పత్తులు ఇవి: ప్రయోగశాల నివేదికలకు 1.6, రిహార్సల్‌కు 1.4, సర్క్యూటు పనికి 2.2. పిల్లల పాఠాలు మాత్రం దాదాపు 1. గంట కొట్టగానే పిల్లలే లేచిపోతారు.

డిబేట్ పరిశోధనకు నిష్పత్తి కుదరనే లేదు. గంట ఇస్తే గంట, ఆరు గంటలు ఇస్తే ఆరు గంటలు తినేస్తుంది. ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతుందని బ్రిటిష్ చరిత్రకారుడు పార్కిన్‌సన్ 1955లో వ్యంగ్యంగా అన్నది ఇలాంటి పనుల గురించే. దీనితో పనులు రెండు జాతులని అర్థమైంది: అడుగున్నవి (ఒక చోట ముగిసేవి), అడుగులేనివి (ఎంత చేసినా ఇంకా మిగిలేవి). నివేదిక, తీగల పని, సామాను జాబితా అడుగున్నవి. వాటికి నిష్పత్తితో గుణించిన గంటలు ఇవ్వాలి. పరిశోధన, పోస్టరు రూపకల్పన, ఉపన్యాసానికి మెరుగులు దిద్దడం అడుగులేనివి. వాటికి గంటలే హద్దు, అయినంతవరకే. ‘బాగా వచ్చేదాకా’ అనే మాటను అడుగులేని పనుల పక్కన రాయకూడదని షీటు పైభాగంలో పెట్టుకున్నాను.

నాలుగో వారం

ప్రాజెక్టుకు గుండెకాయ ఈ వారమే తయారైంది. ఇప్పటిదాకా చేసింది ఒక వారం చిత్రం. ఇప్పుడు 16 వారాలను నిలువుగా, నాలుగు క్లబ్బులను, పరీక్షలను, ప్రయోగశాల గడువులను అడ్డంగా వేసి, ఒక్కో గడిలో ఆ వారం కావాల్సిన కుదురు గంటలు రాశాను. ముందు, వెనుక గళ్లు, నిష్పత్తులు అన్నీ కలిపి.

క్లబ్బులకు సగటున వారానికి 13 గంటలు. 24లో 13 అంటే హాయిగా ఉన్నట్టే. కానీ పదో వారం ఎదురుగా 31 ఉంది. నాటక ప్రదర్శన, డిబేట్ టోర్నమెంటు, మినీ ప్రాజెక్టు సమీక్ష, రోబోటిక్స్ పోటీకి ముందు చివరి పరీక్షలు, అన్నీ అక్కడే.

దీన్ని దురదృష్టం అనుకోవడం తేలిక, కానీ కాదు. కార్యక్రమాలు పెట్టే వాళ్లందరి ముందూ అదే విద్యా క్యాలెండరు ఉంటుంది. మొదటి వారాల్లో సభ్యులు చేరరు, మధ్యలో పరీక్షలు, చివర్లో మళ్లీ పరీక్షలు. అన్నీ తప్పించుకుంటూ పోతే మిగిలేది మధ్య పరీక్షల తరువాతి రెండు మూడు వారాలే. ప్రతి క్లబ్బూ విడిగా ఆలోచించి అత్యంత తెలివైన తేదీని ఎంచుకుంటుంది, కాబట్టే అందరూ ఒకే తేదీ దగ్గర కలుస్తారు. వచ్చే ఏడాదీ అక్కడే కలుస్తారు. ముందే తెలిసిన తాకిడికి ఏర్పాటు కూడా ముందే చేసుకోవచ్చు.

మరి 24 గంటలూ నింపేయవచ్చా? ఇక్కడ క్యూల గణితం నుంచి ఒక మెట్టు అరువు తెచ్చుకున్నాను. పనులు అడ్డదిడ్డంగా వచ్చే అతి సరళమైన క్యూలో, భారం (ఉన్న సామర్థ్యంలో వాడుకున్న వాటా) 80 శాతం ఉంటే సగటున 4 పనులు పోగుపడి ఉంటాయి. 90 శాతమైతే 9. 95 శాతమైతే 19. పెరిగింది 15 శాతం పాయింట్లే, పోగు మాత్రం దాదాపు అయిదింతలు. మనిషి వారం కచ్చితంగా అలాంటి క్యూ కాదు. నా పనుల్లో సగం ముందే తెలిసినవి. అయినా ఆ వంపు ఎటు వంగుతుందో నమ్మవచ్చు. హద్దు 80 శాతం అనుకున్నాను. 24లో 80 శాతమంటే 19 గంటలు. పదో వారానికి ఇంకా 12 గంటలు ఎక్కువ.

అయిదో వారం

పన్నెండు గంటలు ఎక్కడి నుంచో రావాలి. పట్టికను ఒక పేజీకి కుదించి, అచ్చు తీసి, జేబులో పెట్టుకుని వెళ్లాను.

డిబేట్ కెప్టెన్‌తో మొదట. “అక్కా, టోర్నమెంటుకు వస్తాను. కానీ పదో వారంలో రోజూ సాయంత్రం సాధనకు రాలేను. ఏడు, తొమ్మిది వారాల్లో రెట్టింపు చేద్దామా?”

ఆమె కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. “టోర్నమెంటు తేదీ నా చేతుల్లో లేదు. సాధన తేదీలు నావే. అసలు ఆ వారంలో ఎవరికి ఖాళీ ఉందిలే? మిగతా ఇద్దరినీ ఇలాగే రాసి తెమ్మంటాను.”

సాధన ముందుకు జరిగింది. ఇది నేను ఊహించని లాభం. జట్టులో ముగ్గురం ఉన్నాం. ముగ్గురి పదో వారమూ ఒకేలా ఉంది, ఎవరికి వారు తామొక్కరే ఇబ్బంది పడుతున్నామనుకున్నారు.

నాటక దర్శకుడైన అన్నతో అంత సులువుగా తేలలేదు. “లైట్లు నువ్వే చూస్తున్నావు. ప్రదర్శన రోజు నువ్వు లేకపోతే ఎలా?” అన్నాడు, న్యాయమే.

“రోజంతా ఉంటాను అన్నా. కానీ ఆ వారం రిహార్సల్స్‌లో బోర్డు దగ్గర జూనియర్ కూర్చుంటాడు. లైట్ల వరుస, ఎప్పుడు ఏది మారాలో, ఏడో వారానికల్లా కాగితం మీద పెట్టి ఇస్తాను.”

“ఏడో వారం అంటే ఏడో వారమే. తరువాత కథ చెప్పకూడదు.”

“పెట్టి ఇస్తాను.”

ఈ రెండు సంభాషణల తరువాతే పట్టికలో లేని ఒక గడి ఉండాలని తోచింది. ఒక క్లబ్బులో పాత్ర ఎన్ని గంటలు తీసుకుంటుంది అన్నదాని కన్నా, ఆ గంటలు ఎప్పుడు పడతాయి అన్నది ముఖ్యం. లైట్ల రూపకల్పన బరువు మొదట్లో ఉంటుంది, రంగస్థల నిర్వహణ బరువు చివర్లో. ఫొటోలు తీసేవారికి ఆ ఒక్క రోజే. కోశాధికారికి కార్యక్రమం అయిపోయాక రసీదుల వారం. డిబేట్ పరిశోధన ఏడాది పొడవునా సన్నగా సాగుతుంది. నాలుగు క్లబ్బుల్లో ఉంటూ నాలుగింటిలోనూ చివర్లో బరువు పడే పాత్రలు తీసుకుంటే ఏ పట్టికా కాపాడలేదు. రెండు మొదట్లో బరువున్నవి, ఒకటి సన్నగా సాగేది, ఒక్కటే చివర్లో బరువున్నది అయితే నాలుగూ నడుస్తాయి.

రోబోటిక్స్‌లో అదే చేశాను. తీగల పని బాధ్యత (నిష్పత్తి 2.2, బరువంతా చివర్లో) మరొకరికి ఇచ్చి, సెన్సర్ల పరీక్షా పట్టికలు, పత్రాలు తీసుకున్నాను. హోదా కొంచెం తగ్గింది. సర్క్యూటు మీద చేయి వేయలేకపోవడం బాధగానే ఉంది. పదో వారం లెక్క మాత్రం 31 నుంచి 21కి దిగింది.

ఎనిమిదో వారం

మధ్య పరీక్షలు. డైరీకి తీరిక తక్కువ.

ఒక్కటి మాత్రం రాసి పెట్టాలి. చిల్లర సమయానికి తగిన పని దొరికింది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన వాళ్లు అయిదు నిమిషాల తరువాత బాగా గుర్తుచేసుకున్నారు. వారం తరువాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసిన వాళ్లే ముందున్నారు. చూడకుండా రాయడానికి 90 నిమిషాలు అక్కరలేదు. ఖాళీ కాగితం, అరగంట చాలు. మధ్యలో విరామం వస్తే నష్టం లేదు, లాభమే. ఒకేసారి కాకుండా విడతలుగా నేర్చుకుంటే ఎక్కువ నిలుస్తుందని 1885లోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ గమనించాడు. కాబట్టి కొత్త అధ్యాయం, కఠినమైన లెక్కలు కుదురు సమయానికి. గుర్తుచేసుకోవడం చిల్లర సమయానికి. సొంత చదువు 16 గంటల్లో అయిదు ఇలా చిల్లరలోకి మారాయి. అంటే కుదురు సమయం 24 నుంచి 29కి పెరిగింది. హద్దు కూడా 19 నుంచి 23కి జరిగింది.

పదో వారం 21. సరిపోతుంది, కాగితం మీద.

పదో వారం, ఆదివారం రాత్రి

పట్టిక ప్రకారం 21, నమోదు ప్రకారం 23. సోమవారమే ప్రయోగశాల తరగతి ఒకటి శనివారానికి మారింది. శనివారం పిల్లల పాఠాలు. బృందంలో మరొకరితో వంతు మార్చుకున్నాను, వచ్చే వారం నేను రెండుసార్లు వెళ్లాలి. పెరిగిన రెండు గంటలూ ఇలాంటి వాటికే పోయాయి, హద్దు కింద చోటు వదిలిందే అందుకు.

జూనియర్ లైట్ల బోర్డు బాగా నడిపాడు. ప్రదర్శన రోజు కూడా అతన్నే కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. దర్శకుడు రెండో అంకం దాకా నావైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. డిబేట్‌లో క్వార్టర్ ఫైనల్స్ దగ్గర ఆగిపోయాం. ఇంకో పది గంటల పరిశోధన ఉంటే గెలిచేవాళ్లమా అంటే, చెప్పలేను. అడుగులేని పని కదా, ఎప్పుడూ ఇంకో పది గంటలు ఉంటే బాగుండునన్నట్టే ఉంటుంది.

నిద్ర గడులకు వేసిన తాళం ఒక రాత్రి తీశాను, ప్రదర్శన అయ్యాక. అది పని కోసం కాదు, కబుర్ల కోసం. అలాంటి రాత్రికి పట్టిక అడ్డు రానక్కరలేదు.

టైమరు గురించి ఒక మాట. ఫ్రాంచెస్కో సిరిల్లో రూపొందించిన పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అని ఈ సెమిస్టరంతా వాడి చూశాను. నివేదికలు రాయడానికి బాగా పనిచేసింది. తప్పు ఎక్కడుందో వెతికే పనికి మాత్రం శత్రువు. తీగ దొరికే సమయానికి గంట మోగుతుంది. అందరూ అన్నిటికీ దాన్నే సిఫార్సు చేయడం నాకు నచ్చదు.

పదకొండో వారం

డిబేట్ జట్టులో మిగతా ఇద్దరూ షీటు అడిగారు. ఇచ్చే ముందు చాలా తీసేశాను: రంగులు పోయాయి, సందేశాల వరుస పోయింది, అరగంట గడుల పేజీ రెండో షీటులోకి వెళ్లింది. మొదటి పేజీలో మిగిలినవి 16 వారాలు, పాత్రలు, ఒక్కో పాత్ర బరువు ఎప్పుడు పడుతుందో చెప్పే గడి, కుడివైపు మొత్తం, హద్దు దాటితే ఎర్రబడే సంఖ్య. కొత్తగా ఎవరైనా ఏదైనా అడిగితే ఒక నిలువు వరుస చేర్చి, ఎర్రబడిన వారం సంఖ్యను వాళ్లకే చూపించవచ్చు. “కుదరదు” అనడం కన్నా “పదమూడో వారం తప్ప మిగతా అన్నిటిలో కుదురుతుంది” అనడం ఇద్దరికీ మేలు. రెండోదాన్ని ఎవరూ తిరస్కారంగా తీసుకోలేదు.

మిగిలిన పని: క్లబ్బు క్యాలెండర్లను నేరుగా షీటులోకి తేవడం. క్యాలెండరు యాప్‌లు ఎగుమతి చేసే ఐక్యాలెండర్ ఫైలు ఉత్త పాఠ్యమే, దాని ప్రధాన నియమాలు ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5545లో ఉన్నాయి, 2009 నుంచి. చిక్కంతా పునరావృతమయ్యే సమావేశాల దగ్గర. ‘ప్రతి మంగళవారం’ అన్నది ఫైలులో ఒక్క పంక్తిగా ఉంటుంది, రద్దైన మంగళవారాలు వేరే పంక్తిలో. వాటిని విడదీసి 16 వారాల్లోకి పరచడానికి చిన్న ప్రోగ్రాం రాయాలి. అంచనా నాలుగు గంటలు. సర్క్యూటు పనుల నిష్పత్తే వేసుకుని తొమ్మిది రాసుకున్నాను. పన్నెండో వారంలో చోటుంది.